మిన్నా అని పిలిస్తే

ప్రొఫెసర్ గారి ఉమ్మితొట్టి కడిగే పని తెక్లా పొద్దున్నే పెట్టుకునేది. పరగడుపునయితే కడుపులో తిప్పినా బయటికొచ్చేది ఏమీ ఉండదు. రాగి తొట్టి. అడుగున ఇసక. ఆ ఇసకని పాత పేపర్లోకి బోర్లించి, తొట్టిని వెనిగర్ నీళ్ళతో తోమి, కొత్త ఇసక పోయాలి. ఊపిరి బిగబట్టి చేస్తే త్వరగా అయిపోతుంది.

తొట్టి బోర్లించి తడుతూ ఉండగా అమ్మగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రారు. చెంగు పట్టుకున్నట్టు గౌను అంచు రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని నిలబడతారు.

"మిన్నా."

తెక్లా లేచి తడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆదివారం సాయంత్రం నువ్వు నాతో చర్చి హాలుకి రావాలి. పనివాళ్ళ సన్మానం ఉంది. ఇరవై అయిదేళ్ళు ఒకే ఇంట్లో నమ్మకంగా పనిచేసినవాళ్ళకి మా మహిళా సంఘం గుండెల మీద గుచ్చుకునే వెండి బ్రోచీ ఇస్తుంది. మన ఇంటి నుంచి నిన్ను పిలుస్తారు. లేచి వెళ్ళి, సంఘం పెద్దమ్మగారి ముందు మోకాలు వంచి, బ్రోచీ పెట్టించుకుని, వచ్చి నా చెయ్యి ముద్దుపెట్టుకో. అంతే."

తెక్లాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా అర్థం కాలేదు.

"నేను మొన్న ఆకులు రాలేటప్పుడు కదమ్మగారూ వచ్చింది."

"అయితే?"

"ఇరవై అయిదేళ్ళంటే..."

అమ్మగారికి కోపం రాలేదు. చంటిపిల్లకి అన్నం తినిపించినట్టు నెమ్మదిగా అడిగారు. "ఈ ఇంట్లో ఇరవై అయిదేళ్ళుగా మిన్నా ఉందా, లేదా?"

"ఉండే ఉంటుందమ్మగారూ."

"ఒక్కరోజయినా మిన్నా లేకుండా ఈ ఇల్లు గడిచిందా? గడవలేదు. నువ్వెవరు?"

తెక్లా చేతుల తడి వెనక గౌనుకి తుడుచుకుంది.

"నిన్నే. నువ్వెవరు?"

"మిన్నానమ్మగారూ."

"మరింకేం?"

అమ్మగారు వెళ్ళబోయి ఆగారు. "బ్రోచీ ఒక్కటే అనుకున్నావేమో. కాలవ ఒడ్డున ఎర్ర ఇటుకల ఇల్లు చూశావా? అది మా సంఘం వాళ్ళదే. బ్రోచీ ఉన్న పనిమనిషికి చేతకానప్పుడు అక్కడ మంచం ఇస్తారు. చచ్చేదాకా మంచం, పొద్దున కాఫీ, రాత్రికి సూపు. నీకెవరున్నారు? చూసేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరమ్మగారూ."

"చూశావా. ఇంత మేలు ఏ అమ్మగారు చేస్తుంది? పాత బట్టల పెట్టెలో బూడిదరంగు ఉన్ని గౌను ఉంది. అది తీసి వేసుకో. నీ నీలం గౌనులో ఇప్పుడే రైలు దిగినట్టుంటావు."

"ఎవరైనా నా మొహం చూసి..."

అమ్మగారు నవ్వారు. "నీ మొహం ఎవరు చూస్తారే? టోపీ చూస్తారు, ఏప్రను చూస్తారు. తొట్టి సరిగ్గా కడుగు. అంచుకి ఇంకా ఉంది."

ఉంది. తెక్లా దాన్ని గోటితో గీకింది.

తెక్లా పడుకునేది స్నానాలగది పైన కట్టిన అటక మీద. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ఎక్కాక కూర్చోవచ్చు గానీ నిలబడలేరు. ఇంటిల్లిపాదీ స్నానం చేసిన ఆవిరి పైకొచ్చి పరుపులో దిగుతుంది. ప్రొఫెసర్ గారి కర్పూరం తైలం, అమ్మగారి జుట్టు సబ్బు, అమ్మాయిగారి అత్తరు, అన్నీ కలిసి పుల్లటి వాసన.

ఆ అటక మీద బూడిదరంగు గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మంచి ఉన్ని. పాతదే గానీ ఎక్కడా చిరుగు లేదు. మోచేతుల దగ్గర వేసిన అతుకులు పట్టి చూస్తే తప్ప తెలియవు. చంకల్లో మాత్రం చెమట ఎండి తెల్లటి వలయాలు కట్టింది, ఒకదాని బయట ఒకటి. ఒక వేసవిది కాదు అది. ఎన్నో వేసవులది. పరాయి మనిషి చెమట. దాన్ని తన ఒంటిమీద వేసుకుని, తనదేనని హాలు నిండా ఉన్న జనానికి చూపించాలి.

ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. చాకలి సోడా వాసన. తన చేతులదీ అదే వాసన.

మర్నాడు మధ్యాహ్నం భోజనంలో ఉప్పుచేప, ఉడికించిన బంగాళాదుంపలు. తెక్లా దుంపల గిన్నె పట్టుకుని ప్రొఫెసర్ గారి కుర్చీ వెనక నిలబడింది. ఆయన తింటూ మాట్లాడతారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినాయన. ఇప్పుడు బడి లేదు గనక ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతారు.

"మిన్నా, ఆదివారం నీకు సన్మానమట."

"అవునండి."

"నీ పేరుకి అర్థం తెలుసా?"

"తెలీదండి."

"తెలుసుకోవాలి. అసలు పేరు విల్‌హెల్మీనా. మన చక్రవర్తి గారి పేరు విల్‌హెల్ము ఉందే, దానికి ఆడరూపం. విల్ అంటే పట్టుదల. హెల్ము అంటే యుద్ధంలో తలకి పెట్టుకునే ఇనప టోపీ. పాతకాలపు జర్మన్లు ఊరికే పేర్లు పెట్టేవాళ్ళు కాదు. ఆడపిల్లకి కూడా కత్తీ డాలూ తగిలించి పెట్టేవాళ్ళు." ఆయన గడ్డంలో చేప ముల్లు ఒకటి ఇరుక్కుని, మాట్లాడినప్పుడల్లా పైకీ కిందకీ ఊగుతోంది. "రాణులు పెట్టుకున్న పేరు. రాణులని చూసి జమీందార్లు పెట్టారు. వాళ్ళని చూసి గుమాస్తాలు, గుమాస్తాలని చూసి రైతులు. రైతుల పిల్లలు పట్నానికి పనికొచ్చారు. చివరికి ఏ వంటింట్లో చూసినా మిన్నాయే. అప్పుడు గొప్పవాళ్ళు ఆ పేరు వదిలేశారు."

"వదలక?" అన్నారు అమ్మగారు. "మా అమ్మాయికి బాప్తిస్మం నాడు వాళ్ళ నాయనమ్మ పేరే పెట్టాం, విల్‌హెల్మీనా అని. మరి మిన్నా అని పిలవగలమా? పిలిస్తే అల్లుడికి బదులు కూరగాయలవాడు వస్తాడు. అందుకే హెల్మా అన్నాం."

హెల్మా అమ్మాయిగారు చేపలో ముళ్ళు ఏరుకుంటూ తలెత్తలేదు.

"నీ అసలు పేరేమిటన్నావ్?" ప్రొఫెసర్ గారు వెనక్కి తిరిగారు. ముల్లు ఊడి దుంపల గిన్నెలో పడింది.

"తెక్లా అండి."

"అదీ మంచి పేరేనే. పాతది. మరి దాన్నెందుకు మార్చాం?"

"మీకన్నీ కావాలి," అన్నారు అమ్మగారు. "మనిషి మారినప్పుడల్లా నేను నోరు మార్చుకోనా? కుర్చీ విరిగితే ఇంకో కుర్చీ తెస్తాం. కుర్చీ అనే అంటాం కదా."

ప్రొఫెసర్ గారికి ఆ మాట నచ్చింది. నవ్వారు. నవ్వులోంచి దగ్గు, దగ్గులోంచి గళ్ళ వచ్చాయి. తెక్లా గిన్నె బల్ల మీద పెట్టి తొట్టి అందించింది. తర్వాత వంటింట్లో ఆ గిన్నెలో మిగిలిన దుంపలే తన భోజనం. ముల్లు తీసి పారేసింది. దుంపలు మాత్రం తినలేకపోయింది.

శుక్రవారం తివాచీలు దులిపే రోజు. ఆ భవంతిలో మిగతా రోజుల్లో దులిపితే ఊరుకోరు. పెరటి వాకిట్లో ఇనప కడ్డీ మీద తివాచీ వేసి, బెత్తం చీపురుతో రెండు చేతులా కొట్టాలి. నాలుగు వైపులా అయిదంతస్తుల గోడలు. కొట్టిన దుమ్ము పైకి పోదు. కొట్టినవాళ్ళ నోట్లోకే వస్తుంది.

కాపలావాడి పెళ్ళాం కుబికె పంపు దగ్గర బాల్చీ పెట్టుకుని కూర్చుంది. లావుపాటి మనిషి. పనికన్నా మాటలెక్కువ. ఆ వాకిట్లో ఎవరింట్లో ఏం ఉడికిందో ఆమెకి చెప్పక్కర్లేదు.

"ఏమే, నీకేదో వెండి బిళ్ళ ఇస్తున్నారటగా?"

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మగారే మెట్ల మీద నిలబడి డాక్టరు గారి భార్యతో చెబుతుంటే విన్నాను. మా మిన్నాకి ఇరవై అయిదేళ్ళు నిండాయండీ అని. నేను అనుకున్నాను, ఓహో, తల్లికడుపులో ఉన్నప్పుడు కూడా ఇక్కడే అంట్లు తోమిందేమో ఈ పిల్ల అని." కుబికె పొట్ట పట్టుకుని నవ్వింది. "పోనీలే. నీకొచ్చింది, తీసుకో. దానికెలాగూ రాలా."

తెక్లా చీపురు దించింది. "ఎవరికి?"

"నీ ముందుదానికి. ఇంకో మిన్నాకి. నువ్వొచ్చిన వారమే కదే అది పోయింది. నీకు చెప్పలేదూ? ఎందుకు చెబుతారులే. పెళ్ళయిన ఏడాది మీ అమ్మగారు పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న మనిషి. ఈ ఈస్టరు దాకా ఉండుంటే ఇరవై అయిదూ దానివే."

"ఎందుకు పోయింది?"

"పోవడమేంటి, పొమ్మన్నారు. వేళ్ళు ముడుచుకోడం మానేశాయి. సోడా నీళ్ళలో నానితే ఇంకేమవుతాయి? సూపు గిన్నె జారవిడిచింది. గులాబీలు వేసిన గిన్నె. గిన్నె ఖరీదు కింద దాని మంచి గౌను ఉంచేసుకుని పంపేశారు."

"బూడిదరంగుదా?"

కుబికె నవ్వడం ఆపింది. తెక్లా మొహంలోకి చూసి బాల్చీలో చెయ్యి ముంచింది. "అదే. మీ అమ్మగారు నిన్ను అదే వేసుకోమందా?"

తెక్లా తివాచీ వైపు తిరిగి కొట్టడం మొదలెట్టింది. దుమ్ము లేచింది. లేచిన ప్రతిసారీ ఇంకా గట్టిగా కొట్టింది. కుబికె మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, "ఒసే, తివాచీ ఏం చేసిందే నిన్ను?" అంది.

"ఎక్కడుంది ఆమె?"

"ఉత్తరం దిక్కున వెడ్డింగు పేటలో. బట్టీల వీధి. ఓ నేలమాళిగలో ఏడ్చుకుంటూ ఉంది. వెళ్ళకు. చూస్తే వచ్చిన మంచం మీద కూడా నీకు నిద్ర పట్టదు."

శనివారం అమ్మగారు టోపీ పెట్టె ఇచ్చి దుకాణానికి పంపారు. ఆదివారం పెట్టుకునే టోపీకి ఊదారంగు రిబ్బను కుట్టించి తేవాలి. దుకాణంలో పని చిటికెలో అయిపోయింది. తెక్లా పెట్టె ఒక చేతిలో, గౌను మూట ఇంకో చేతిలో పట్టుకుని ట్రాములో ఉత్తరానికి వెళ్ళింది.

బట్టీల వీధిలో ఇళ్ళన్నీ బీరు కంపు, తడి బొగ్గు కంపు. నేలమాళిగ మెట్లు దిగితే ఒకటే గది. కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ బూట్లు కనిపిస్తున్నాయి. గోడవారన మంచం మీద బండగా ఉన్న మనిషి ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మంచం పక్కన ముక్కాలి పీట మీద ఒక ముసలామె దుంపల తొక్క తీస్తూ కూర్చుంది. కత్తి పిడికి గుడ్డ చుట్టి దాన్ని మణికట్టుకి కట్టుకుంది. వేళ్ళు కత్తిని పట్టుకోవడం లేదు. కర్రపుల్లల్లా నిలబడి ఉన్నాయి.

"ప్రొఫెసర్ ఎబెలింగ్ గారింటి నుంచి వచ్చాను," అంది తెక్లా.

ముసలామె దిగ్గున లేచింది. లేచి చేతులు, కత్తితో సహా, వెనక్కి పెట్టుకుంది.

"అమ్మగారు పిలిచారా?"

"లేదు. నేనే వచ్చాను. నేను... ఇప్పుడక్కడ పనిచేస్తున్నాను."

"ఓ." ఆమె మళ్ళీ కూర్చుంది. "నీ పేరేంటమ్మా?"

"మిన్నా."

ముసలామె నవ్వింది. పళ్ళు లేవు. "నేనూ అంతే."

"అసలు పేరు?"

ఆమె మంచం మీద మనిషిని చూసింది, కిటికీలో బూట్లని చూసింది. వంటింటి అరలో ఎప్పుడో దాచిన డబ్బా కోసం వెతుకుతున్నట్టు చూసింది. "రోసాలీ," అంది చివరికి. అని, తప్పు మాట అన్నట్టు నోరు తుడుచుకుంది.

తెక్లా నిలబడే అంతా చెప్పింది. బ్రోచీ, మంచం, హాలు. రోసాలీ దుంపల తొక్క తీస్తూ వింది.

"నువ్వే తీసుకోమ్మా. నువ్వయినా పడుకో. నేనొస్తే అమ్మగారికి కోపం వస్తుంది."

"నీ ఏళ్ళు కదా అవి?"

"ఏళ్ళు ఎవరివో ఎవరు చూస్తారు? ఇంటివి. ఆ ఇంట్లో గడిస్తే ఆ ఇంటివే." ఇంకో దుంప ఒళ్ళోకి దొర్లించుకుని, "బీరువా మీద ఇత్తడి పిడులు మెరుస్తున్నాయా? పుల్లమజ్జిగతో తోమాలి. సోడాతో తోమితే నల్లబడతాయి," అంది.

మంచం మీద మనిషి లేచాడు. బీరు బట్టీలో రాత్రి పొయ్యి దగ్గర పనట. తెక్లాని చూసి పలకరించలేదు. ఒళ్ళు గోక్కుని, దగ్గి, పొయ్యిలో బూడిదలో ఉమ్మేసి, బూట్లు తొడుక్కుని పోయాడు. అతని మెట్ల చప్పుడు ఆగకముందే రోసాలీ మంచం ఎక్కింది. పక్క దులపలేదు, దుప్పటి మార్చలేదు. ఆ గుంటలోనే ముడుచుకుని పడుకుంది.

"పగలు అతనిది, చీకటి పడితే నాది. సగం అద్దె," అంది కళ్ళు మూసుకుని. "వెచ్చగా ఉంటుంది. బొగ్గు అక్కర్లేదు."

తెక్లా దుప్పటి అంచు సర్దబోయి చెయ్యి పెట్టింది. తడిగా ఉంది. ఆ మనిషి ఒంటి వేడి, చెమట, ఇంకా అందులో ఉన్నాయి. చెయ్యి చటుక్కున తీసేసి గౌనుకి తుడుచుకుంది. ఒకసారి తుడిస్తే పోలేదు. తుడుస్తూనే ఉంది. ఎర్ర ఇటుకల ఇంట్లో తెల్ల దుప్పటి పరిచిన మంచం నిన్నటిదాకా తన కళ్ళలో ఉంది. అబద్ధం ఎందుకు, ఆ మంచం మీద తను మనసులో రెండుసార్లు పడుకుని కూడా చూసుకుంది. ఇప్పుడు ఆ మంచం కూడా చేతికి తడిగా తగిలింది.

గౌను మూట పీట మీద పెట్టింది. "ఇది నీది. రేపు వేసుకో. కుబికెతో చెబుతాను, వచ్చి తీసుకెళుతుంది. బ్రోచీ కోసం కాదు. పాటలు పాడతారు, కాఫీ ఇస్తారు. వెనక కూర్చుని వెళ్ళిపోదువుగాని."

"కేకు ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే వస్తాను," అంది రోసాలీ.

ఆదివారం హాల్లో ముందు వరసల్లో అమ్మగార్ల టోపీలు, వెనక వరసల్లో పనివాళ్ళ టోపీలు. పక్కన గోడవారగా వేసిన బెంచీ మీద సన్మానం అందుకునేవాళ్ళు. తెక్లా వాళ్ళ మధ్య నీలం గౌనులో కూర్చుంది. బూడిదరంగుది ఆరలేదని ఇంటి దగ్గరే చెప్పింది. అమ్మగారు పళ్ళు బిగించి, "సరే, ఏప్రను పైదాకా కట్టుకో," అన్నారు.

పాస్టరు గారు విధేయత గురించి మాట్లాడారు. కాఫీ చల్లారేదాకా మాట్లాడారు. తర్వాత సంఘం అధ్యక్షురాలు లేచింది. సైన్యాధికారి భార్య. అందరూ ఆమెని ఎక్సలెన్సీ అంటారు. ఎబెలింగ్ గారింటికి ప్రతి శీతాకాలం కాఫీకి వచ్చే మనిషి. మొన్న చలికాలంలో తెక్లాయే ఆమె భుజాల మీంచి బొచ్చుకోటు తీసి తగిలించింది. ఆ ముందు చలికాలాలన్నీ రోసాలీ తీసి తగిలించింది. ఇద్దరు ముసలివాళ్ళు వెళ్ళి బ్రోచీలు పెట్టించుకుని, వాళ్ళ వాళ్ళ అమ్మగార్ల చేతులు ముద్దుపెట్టుకుని వచ్చారు. చప్పట్లు కొట్టారు. చేతులకి తొడుగులున్నాయి గనక చప్పుడు దుప్పటి దులిపినట్టు వచ్చింది.

"ప్రొఫెసర్ ఎబెలింగ్ గారి ఇంట, ఇరవై అయిదేళ్ళ సేవ," అని చదివిందామె. "మిన్నా!"

తెక్లా ఒళ్ళో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నేలకేసి చూస్తోంది. ముందు వరసలో ఊదారంగు రిబ్బను తన వైపు తిరిగింది.

"మిన్నా," అన్నారు అమ్మగారు పళ్ళ మధ్యనుంచి. "లే."

తెక్లా లేవలేదు. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. లేవలేదు. హాల్లో కప్పుల చప్పుడు కూడా ఆగింది.

"మిన్నా లేదా?" అంది అధ్యక్షురాలు, ఈసారి గట్టిగా. "మిన్నా!"

"వచ్చానమ్మగారూ!"

గొంతు వెనకనుంచి వచ్చింది. చిట్టచివరి బెంచీ దగ్గర రోసాలీ నిలబడి ఉంది. లేవాలనుకుని లేచినట్టు లేదు. చేతిలో సగం కొరికిన కేకు ముక్క ఉంది. పిలుపు వినగానే కాళ్ళు లేచాయి, నోరు పలికింది. ఇప్పుడు కూర్చోవాలో నడవాలో తెలియక అలాగే ఉంది. పక్కనున్న కుబికె కేకు ముక్క లాక్కుని, వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. "నడవవే. నిన్నే."

బూడిదరంగు గౌను బెంచీల మధ్యగా నడిచి వచ్చింది. ప్రొఫెసర్ గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఏమే, ఇది మన పాత..." అన్నారాయన. అంతలోనే "అబ్బా!" అన్నారు. అమ్మగారి బూటు మడమ ఆయన పాదం మీద ఉంది.

అధ్యక్షురాలు రోసాలీ గడ్డం కింద వేలు పెట్టి మొహం ఎత్తింది. "ఓ, మిన్నా! నిన్నెక్కడ చూసినా గుర్తుపడతాను. మొన్న చలికాలంలో కూడా నా కోటు నువ్వే కదూ తీశావు? కాస్త చిక్కావు. మీ అమ్మగారు సరిగ్గా తిండి పెట్టడం లేదా ఏం?"

అందరూ నవ్వారు. అమ్మగారు కూడా నవ్వాల్సి వచ్చింది. ఈమె మిన్నా కాదని అనాలంటే మరి ఎవరో చెప్పాలి. ఆ బెంచీ మీద కూర్చున్నది ఎవరో కూడా చెప్పాలి. అమ్మగారి మెడ ఎర్రబడి, ఆ ఎరుపు నగ కింద నుంచి చెవుల దాకా పాకింది. అయినా నవ్వు చెదరలేదు.

బ్రోచీ గుచ్చారు. ఎర్ర ఇటుకల ఇల్లు నడిపే నర్సమ్మ వచ్చి, ఎప్పుడొస్తావని అడిగింది. ఈమెకి ఒంట్లో బాలేదనీ ఈ రాత్రే తీసుకుపొమ్మనీ వెనకనుంచి కుబికె అరిచింది. సరేనంది నర్సమ్మ.

ఇంక వెళ్ళి కూర్చోవచ్చు. రోసాలీ కూర్చోలేదు. నేరుగా అమ్మగారి దగ్గరికి వెళ్ళి, ముడుచుకోని వేళ్ళ మధ్య ఆ చేతిని పట్టుకుని, వంగి, ముద్దుపెట్టుకుంది. ఒకసారి చాలు. మూడుసార్లు పెట్టుకుంది. "అమ్మగారు చల్లగా ఉండాలి. గిన్నె పగలగొట్టాను, క్షమించండి," అంది. ఆమె కళ్ళంట నీళ్ళు కారి అమ్మగారి చేతి తొడుగు మీద పడ్డాయి. తొడుగు మీద కేకు పొడి, ఎంగిలి, తడి. అమ్మగారు చెయ్యి లాక్కోలేదు. అందరూ చూస్తున్నారు.

హాలంతా చప్పట్లు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

తెక్లాకి గెలిచినట్టు లేదు. పరుపు దొరికింది ముసలిదానికి, నిజమే. కానీ ఆ మూడు ముద్దులు ఎవరో తన నోట్లో పెట్టినట్టుంది. లేచి, ఎవరినీ చూడకుండా, బయటికి వచ్చేసింది.

చిన్న తుంపర పడుతోంది. వీధి నిండా ఆదివారం జనం. అమ్మగార్ల కోసం గొడుగులు పట్టుకుని నిలబడ్డ పనివాళ్ళు, పిల్లల బండ్లు తోసేవాళ్ళు, రాత్రి వంటకి బుట్టలు మోసుకెళ్ళేవాళ్ళు. తెక్లా ఏప్రను ముడి విప్పి, మడతపెట్టి చంకలో పెట్టుకుని నడిచింది. ఆ ఇంటికి వెళ్ళేది అటక మీద ఉన్న తన పెట్టె తెచ్చుకోవడానికే. రేపు పొద్దున ఆ తొట్టి ఇంకెవరైనా కడుక్కోవాలి. నమ్మకంగా పనిచేసిందని సర్టిఫికెట్ ఇవ్వరు. ఇవ్వకపోతే పోయె. ఊళ్ళో కోళ్ళు చూసుకున్న చేతులే ఇవి. పొలాల్లో బీట్‌రూట్ తవ్వేవాళ్ళని సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

"మిన్నా!"

అమ్మగారు హాలు మెట్ల మీదకి వచ్చి పిలిచారు. వానకి ఊదారంగు రిబ్బను తడుస్తోంది. "మిన్నా! గొడుగు!"

తెక్లా తల అప్పటికే తిరిగింది. తిరగకూడదని అనుకునేలోపే మెడ తిరిగిపోయింది. ఏడు నెలలు కూడా నిండలేదు ఆ ఇంట్లో. ఈ మాత్రానికే మెడకి అలవాటైపోయింది. నోరు కూడా సగం తెరుచుకుంది. దాన్ని మూయడానికి పళ్ళు కరుచుకోవాల్సి వచ్చింది.

అప్పుడు చూసింది. తిరిగింది తనొక్కతే కాదు. గుమ్మం కింద గొడుగు పట్టుకున్నామె తిరిగింది. పిల్లల బండి తోస్తున్నామె ఆపి తిరిగింది. పక్కనే చేపల బుట్ట మోస్తున్న పడుచు కూడా ఆగిపోయి, ఎవరు పిలిచారా అని మెట్ల కేసి బెదురుగా చూస్తోంది. బుట్టలోంచి చేపల నీళ్ళు కారి ఆమె బూట్ల మీద పడుతున్నాయి. అందరివీ అవే మొహాలు. ఏం తప్పు చేశామో చెప్పండి, పరిగెత్తుకొస్తాం అన్నట్టున్న మొహాలు.

తెక్లా పక్కకి వంగి మురిక్కాలవలో ఉమ్మేసింది.

"నీ పేరేంటి?" అని చేపల బుట్ట పడుచుని అడిగింది.

"మిన్నా."

"అది కాదు."

పడుచు బుట్ట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. వెనక్కి చూసింది, పక్కకి చూసింది. మెట్ల మీద అమ్మగారు ఇంకా పిలుస్తూనే ఉన్నారు.

"ఎందుకూ?" అంది అనుమానంగా. తెక్లా అక్కడే నిలబడి ఉండేసరికి, ఎవరికీ వినబడకుండా, దొంగిలించిన వస్తువు చూపించినట్టు, మెల్లగా చెప్పింది.

"అపొలోనియా."